పెదాల మధ్య ఈతాకు

మాట్లాడకూడదు. ఏం జరిగినా మాట్లాడకూడదు. ముల్లు గుచ్చుకున్నా, కాలు జారినా, తెలిసినవాళ్లు ఎదురైనా, ఆఖరికి దగ్గొచ్చినా సరే పెదాలు విడకూడదు. దగ్గు కూడా ముక్కులోంచే దగ్గాలి. చీకటితో లేచినప్పటి నుంచీ అచ్చియమ్మ అలాగే దగ్గుతోంది, కళ్లల్లో నీళ్లు తిరిగేటట్టు. పెదాల మధ్య ఈతాకు ముక్క తడిసి మెత్తబడి నాలుకకి వగరుగా తగులుతోంది. మొన్న మ్రానికొమ్మల ఆదివారం ఫాదరుగారు దీవించి చేతిలో పెట్టిన ఆకు అది. ఎదురుగా కొండ, కొండ నెత్తిన సిలువ. అక్కడిదాకా ఎక్కి, మోకాళ్ల మీద పడి, ఆకు తీసి సిలువ మొదట్లో పెట్టి, అప్పుడు తెరవాలి నోరు. తెరిచి మొదట ఏమనాలో కూడా అనుకునే పెట్టుకుంది. ఈ బిడ్డ ఏడవాలి స్వామీ. అంతే. ఆ ఒక్క మాట కోసం పొద్దున్నుంచీ మిగతా మాటలన్నీ మింగుతోంది.

మింగడమంటే మాటలా! అచ్చియమ్మ కోళ్లతో మాట్లాడుతుంది, ఎడ్లతో మాట్లాడుతుంది, పొయ్యి రాజుకోకపోతే పొయ్యిని నిలబెట్టి అడుగుతుంది. అరకు సంతలో అల్లం పోసుకుని కూర్చుంటే కొనేవాడు వచ్చేలోపు పక్కన పసుపు అమ్ముకునేదాని ఇంటి గుట్టంతా లాగేస్తుంది. ఆమె మొగుడు బుధు సిలువ గుడికి రాడు, కొండదేవతకి కోడినిచ్చుకునే మనిషి, ఆయన నవ్విన నవ్వు ఇంకా చెవిలోనే ఉంది. "నువ్వు మాటాడకుండా కొండెక్కితే ఆ సిలువే దిగొచ్చి నిన్ను సూత్తాదే" అన్నాడు. ఆగాడా? "ఎక్కు, ఎక్కు. నాకూ ఒక పూట పండగే" అని కూడా అన్నాడు. తిరిగి వెళ్లాక చెప్తుంది ఆయన సంగతి. ఏమేం చెప్పాలో అప్పుడే వరస కట్టేసుకుంది కూడా. అయ్యో, మొక్కులో ఉండి మొగుణ్ణి తిట్టుకోవచ్చా? లోపల అనుకున్నది లెక్కలోకి వస్తుందా? వస్తుందేమో. దేవుడికి లోపలిదే ముందు వినబడుతుందని ఉపదేశి విశ్వాసం ఎప్పుడూ చెప్తాడు. అదే నిజమైతే పొద్దున్నుంచీ ఆయనకి చెవులు చిల్లులు పడి ఉంటాయి.

ముందు ఆ విశ్వాసమే మైకు పట్టుకుని నడుస్తున్నాడు, బ్యాటరీ డబ్బా ఒక కుర్రాడి భుజాన వేలాడుతోంది. యేసు సిలువ మోసిన దారిని తలుచుకునే సిలువమార్గంలో ఒక్కో స్థలం దగ్గరా జనం ఆగుతున్నారు, మోకరిస్తున్నారు, లేచి పాడుకుంటూ మళ్లీ ఎక్కుతున్నారు. అందరికన్నా ముందు, మలుపుకి పైన, వయసు కుర్రాళ్లు పెద్ద కర్రసిలువ మోసుకుపోతున్నారు. అందులో జగదీష్ ఉన్నాడు, ఆమె కొడుకు. బరువైన కొస తనే పట్టాడు. తండ్రి కాబోయే ప్రతిసారీ వాడు అలాగే బరువైన కొసకి పోతాడు, ఏదో ఒకటి మొయ్యకపోతే వాడికి ఊపిరాడదు. వెనకేమో కణ్, కణ్ అని స్టీలు క్యాను మూత చప్పుడు. అది సరళ. కోడలు. నడుముకి ఒక చెయ్యి ఆనించుకుని, రెండో చేత్తో మంచినీళ్ల క్యాను పట్టుకుని, అత్త వెనకాల అడుగులో అడుగేసుకుంటూ వస్తోంది. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ అచ్చియమ్మ కాళ్లు నడుస్తున్నాయి. నోరు మూసుకున్నాక చెవులు ఇంత పెద్దవవుతాయని ఎవరు చెప్పారు? ఎండుటాకు కింద బల్లి కదిలినా వినబడుతోంది. కాఫీ తోట మీదుగా గాలొస్తే ఏ చెట్టు మీంచి వచ్చిందో తెలుస్తోంది. కణ్, కణ్. రా తల్లీ. మెల్లిగా రా.

అసలు సరళ రాకూడదు. కొండ కిందే చర్చి పాకలో కూర్చోవాలని ముందే అనుకున్నారు. మే నెల సగం దాటాక కాన్పు అని నర్సమ్మ చెప్పిన కడుపు, ఇంకా నెల పైన ఉంది. కానీ పొద్దున్నే అచ్చియమ్మ ఆకు పెదాల మధ్య పెట్టుకుని గుమ్మం దిగేసరికి ఇది తల దువ్వుకుని తయారు. "నా కోసం నువ్వు నోరు కట్టుకుని ఎక్కుతుంటే నాను కింద కూకుని సూత్తానా అత్తా? నానూ వత్తాను" అంది. ఆ మాటకి అచ్చియమ్మ దగ్గర పది జవాబులున్నాయి. వద్దే గుంటా, నీకేమైనా పిచ్చా, ఆ రాళ్ల దారి నీకు తెలీదు, కిందే ఉండు, నేను చెప్పినట్టు విను. పదీ పెదాల వెనకే నిలబడిపోయాయి. చెయ్యి ఊపింది, తలూపింది, కళ్లెర్రజేసింది. సరళ నవ్వి, "నువ్వు మాటాడకపోతే ఎంత బాగుంటావో అత్తా" అని క్యాను చేతికి తీసుకుంది. జగదీష్ అప్పటికే ముందు జీపులో వెళ్లిపోయాడు. చూశావా స్వామీ, మొక్కు మొదలెట్టిన మొదటి ఘడియలోనే ఇరికించావు. ఇలాంటిది వస్తుందని నాకు ముందు చెప్పొచ్చు కదా.

ఈ మొక్కంతా ఎందుకంటే, సరళకి పుట్టిన మొదటివాడు ఏడవలేదు. ఆ వానాకాలం గెడ్డ పొంగింది. సరళని డోలీలో కట్టుకుని, బొంగుకి ముందొకడు వెనకొకడు భుజం పెట్టి, గెడ్డ ఒడ్డుదాకా తెచ్చారు. నీళ్లు తగ్గేదాకా ఆగాలన్నారు. ఆగడానికి బిడ్డ ఊరుకుంటాడా? ఆ ఒడ్డునే, అడ్డాకుల మీద, వానలోనే పుట్టాడు. బంగారంలాంటి పిల్లాడు, నెత్తి నిండా జుట్టు. ఏడవలేదు. వాన చప్పుడికి వినబడలేదేమో అనుకుని అచ్చియమ్మ వాడి నోటి దగ్గర చెవి పెట్టింది. రెండోది ఇంట్లోనే, పొడి రోజుల్లో, మంచం మీద. అదీ ఏడవలేదు. రెండోసారి అచ్చియమ్మ చెవి పెట్టలేదు, భయం వేసింది. ఆ తరవాత సరళ చాలాకాలం ఎవరింట్లో పసిపిల్ల ఏడ్చినా లేచి బయటకు వెళ్లిపోయేది. కట్టెలకో, నీళ్లకో అని చెప్పేది. బిందె నిండుగా ఉండేది, అయినా నీళ్లకే వెళ్లేది. అచ్చియమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది.

మూడోసారి నెల తప్పిందని తెలిసినప్పుడు అచ్చియమ్మకి అనిపించింది, ఇన్నాళ్లూ ఊరికే అడిగాం, అందుకే ఇవ్వలేదు. ఏదో ఒకటి పెట్టి అడగాలి. తనకున్నదాంట్లో పెద్దది ఏమిటి? నోరు. ఆ నోరే ఇచ్చేస్తానంది. ఫాదరుగారు అడగలేదు, సిస్టరు చెప్పలేదు, సిలువకొండకి పాడుకుంటూ ఎక్కడమే గాని నోరు కట్టుకుని ఎక్కినవాళ్లు ఇప్పటిదాకా లేరు. ఈ పద్ధతి గుడిది కాదు, అయ్యది. ఆమె అయ్య ఊరి పూజారి. విత్తులకి ముందొచ్చే ఇటికల పండగకి ఇంటింటి విత్తనాలూ ఒక బుట్టలో పోసి, ఆ బుట్ట నెత్తిన పెట్టుకుని దేవత దగ్గరికి నడిచేవాడు. పెదాల మధ్య మోదుగాకు. గుమ్మం దిగిన దగ్గర్నుంచి దేవత ముందు బుట్ట దించేదాకా ఒక్క మాట కూడదు. మాట జారితే విత్తనం చస్తుందని ఊరంతా నమ్మేది. అచ్చియమ్మకి బాప్తిస్మం ఇచ్చి క్యాథరిన్ అని పేరు పెట్టి ఎన్నో ఏళ్లయింది. ఆ పేరుతో ఫాదరుగారు తప్ప ఎవరూ పిలవరు, ఆయన పిలిచినా ఒక్కోసారి వెనక్కి తిరిగి ఎవరా అని చూస్తుంది. దేవుడు మారాడు, ఆకు మారింది. మాట్లాడితే విత్తనం చస్తుందన్న భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. కడుపులో ఉన్నది కూడా విత్తనమే కదా.

ఇప్పుడు కూడా ఇటికల పండగ రోజులే. మగాళ్లు వేటకి పోయారు, ఆడవాళ్లు దారుల మీద కర్ర అడ్డం పెట్టి వచ్చేపోయేవాళ్లని ఆపుతున్నారు. జీపు దిగి కొండ కింద ఊరు దాటుతుంటే ఇద్దరు ఆడవాళ్లు పొడుగాటి వెదురుబొంగు అడ్డంగా పట్టుకుని నిలబడ్డారు, మిగతావాళ్లు చుట్టూ చేరి చేతులు పట్టుకుని ఆడుతున్నారు. చిల్లరైనా ఇవ్వాలి, పాటైనా పాడాలి, కనీసం పేరూ ఊరూ చెప్పి దండమైనా పెట్టాలి. అందరూ ఏదో ఒకటి ఇచ్చి దాటారు. అచ్చియమ్మ దగ్గరికి వచ్చేసరికి వాళ్లలో పెద్దది, సోములమ్మట పేరు, నడుము మీద చెయ్యేసుకుని ఎగాదిగా చూసింది.

"ఏటమ్మా, మేకలాగ ఆకు నవుల్తన్నావు? నోరిప్పి పేరు సెప్పు, కర్ర తీత్తాం."

అచ్చియమ్మ చేతులు జోడించింది. అందరూ పకాలున నవ్వారు. "మూగది పాపం" అంది ఒకతి. మూగదా! అచ్చియమ్మ ఒళ్లు మండిపోయింది. ఏ సంతలోనైనా వచ్చి అడగవే నన్ను మూగదో కాదో అనుకుంది. సరళే ముందుకొచ్చి, మా అత్త మొక్కులో ఉంది, తన బదులు నాను పాడతానని, సామచేల పాట ఒకటి పాడింది. ఆ గొంతు విని వాళ్లు నవ్వడం మానేశారు. సోములమ్మ బొంగు ఎత్తింది గాని, అచ్చియమ్మ కింది నుంచి దూరుతుంటే చెవి దగ్గరకి వంగి, "దిగొచ్చీటప్పుడు మాత్రం నువ్వే మాటాడాల. లేకపోతే కర్ర తియ్యనంతే" అంది. తరవాత సరళ కడుపు వంక చూసింది. చూపు అక్కడ కాస్త ఆగింది.

ఎందుకాగింది ఆ చూపు? ఇందాకణ్ణించీ అదే తొలుస్తోంది. కణ్, కణ్. వస్తోందిలే. బాగానే వస్తోంది. నాలుగో స్థలం దాటారు, సిలువ మోస్తున్న కొడుకును తల్లి మరియమ్మ కలుసుకున్న చోటు. అక్కడ ప్రతి ఏడూ అచ్చియమ్మ వెక్కివెక్కి ఏడుస్తుంది, ఈసారి ముక్కులోంచే ఏడ్చింది. ఎండ ఎక్కుతోంది. రాళ్లు వేడెక్కి అరికాళ్లు చురుక్కుమంటున్నాయి. పొదలో ఏదో సర్రుమంది, తొండ, తొండే. పొదలో సర్రుమంటే ఇప్పటికీ ఆమె ఏడేళ్ల గుంట అయిపోతుంది. అయ్య ముందు నడుస్తున్నాడు, నెత్తిన విత్తనాల బుట్ట, పెదాల మధ్య మోదుగాకు, వెనకాల తను, తన వెనకాల ఊరంతా. చప్పుడు లేదు. ఎండిన గడ్డిలోంచి నల్లగా, మెరుస్తూ, అయ్య కాలు పడబోయే చోటికి. ఆలోచించిందా? ఆలోచించలేదు. "అయ్యా, పాము!" అని అరిచింది. ఆ అరుపుకి అయ్య ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. ఊరంతా అచ్చియమ్మ నోటి వంకే చూశారు. పాము వంక ఎవరూ చూడలేదు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. సామలు పొట్ట మీదే ఎండిపోయాయి, చోళ్లు గిడసబారాయి. ఈ గుంట నోరు ఊరిని తినేసిందన్నారు. అమ్మయితే పాముని చూసిన రోజే చింతబరికెతో కొట్టింది. కొట్టి తనే ఏడ్చింది. అంతే, ఆ తరవాతేం జరిగిందో గుర్తు లేదు. ఆ రోజు నుంచి తన నోట్లో ఏదో చెడుపు ఉందనే అచ్చియమ్మ నమ్మకం. అందుకే అంత వాగుతుందేమో, మాటల మీద మాటలు పోసి దాన్ని కప్పెట్టడానికి.

చప్పుడేదీ?

క్యాను చప్పుడు లేదు. అచ్చియమ్మ వెనక్కి తిరిగింది. నాలుగడుగుల కింద సరళ నిలబడి ఉంది. క్యాను రాయి మీద పెట్టింది. పైటకొంగు పంటి కింద కరిచిపట్టుకుని, కళ్లు మూసుకుని ఉంది. ఆ కరవడం అచ్చియమ్మకి తెలుసు. గెడ్డ ఒడ్డున చూసింది, మంచం మీద చూసింది. గబగబా దిగి, భుజం పట్టుకుని, ఏమైందని కళ్లతో అడిగింది. సరళ కొంగు వదిలి, ఊపిరి పీల్చుకుని నవ్వబోయింది.

"ఏటీ లేదత్తా. నడుం పట్టేసింది. నడు."

అచ్చియమ్మ తల అడ్డంగా ఊపింది. కిందకి చెయ్యి చూపించింది, దిగుదాం అని. సరళ ఆ చెయ్యి రెండు చేతుల్తో పట్టేసుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి, ఇంత ఎండలో. "ఒద్దత్తా. ఇక్కడిదాకా వచ్చి నోరిప్పకు. నీ కాళ్లట్టుకుంతాను. ఆ ఇద్దరూ... ఈసారైనా దక్కాలత్తా. నువ్వు మాటాడొద్దు. ఎల్లిపోదాం. బేగి ఎల్లిపోదాం" అంది. కళ్లల్లో నీళ్లు నిండిపోయాయి. కిందనుంచి ఎక్కుతున్న ఆడవాళ్లు వాళ్లని దాటుకుంటూ, అత్తాకోడళ్లు చేతులు పట్టుకుని ఎంత భక్తిగా ఉన్నారో అన్నట్టు చూసి, నవ్వి, పాడుకుంటూ వెళ్లిపోయారు. అందులో ఒకతి చెంగు పట్టుకుని అచ్చియమ్మ ఊపింది. ఆవిడ "స్తోత్రమమ్మా" అని నుదుట సిలువ గీసి పోయింది. ఓరి దేవుడా, చేతులతో చెప్తే ఎవరికి అర్థమవుతుంది!

నాలుగడుగులు వేశారు. కణ్. కణ్. ఏం చెయ్యాలి? మాట్లాడితే మొక్కు పోతుంది. మొక్కు పోతే బిడ్డ. మాట్లాడకపోతే ఇది ఈ రాళ్ల మీదే పడుకుంటుంది, పైన సిలువ దగ్గర నీళ్లు కూడా లేవు, ఒక్క చెట్టు నీడ లేదు, అప్పుడూ బిడ్డే. ఎటు తిరిగినా బిడ్డే. స్వామీ, ఇది నువ్వు పెట్టిన పరీక్షా, లేక నేనే పెట్టుకున్నదా? నువ్వు నోరు అడిగావా? అడగలేదు. నేనే ఇచ్చాను. ఇచ్చింది వెనక్కి తీసుకుంటే కోపం వస్తుందా నీకు? కొండదేవతకి వస్తుంది, అది నాకు తెలుసు. నీ సంగతి నాకు తెలీదు. ఇన్నేళ్ల నుంచి నీ గుడికొస్తున్నాను, నీ బొమ్మ ముందు ఏడ్చాను, నీ పాటలన్నీ వచ్చు, అయినా నీ మనసు ఎలాంటిదో నాకు ఇవాళ్టికీ తెలీదు. ఏదో ఒకటి చెప్పవయ్యా. ఇద్దరం నోరు మూసుకుంటే ఎలా? కణ్. ఇంకొక్క అడుగు. ఇంకొక్కటి. మైకులో విశ్వాసం గొంతు పైమలుపు నుంచి వినబడుతోంది, ప్రభువు రెండోసారి కింద పడ్డాడని చెప్తోంది.

క్యాను పడిపోయింది. మూత ఊడి, రాళ్ల మీద దొర్లుకుంటూ, నీళ్లు కక్కుకుంటూ కిందకి పోయింది. తిరిగి చూస్తే సరళ రాయిని పట్టుకుని వంగిపోయి ఉంది. కాళ్ల దగ్గర నేల తడిసింది. క్యాను నీళ్లు అనుకుంది ఒక్క క్షణం. క్యాను అటు పోయింది, తడి ఇక్కడుంది. ఉమ్మనీరు. సరళ తల ఎత్తి అచ్చియమ్మ మొహం చూసి, వద్దు వద్దని చేతులూపింది. మాటలు రావడం లేదు దానికి, అది కూడా చేతులే ఊపుతోంది.

అప్పుడొచ్చింది అయ్య గొంతు. ఎక్కడ దాక్కుందో ఇన్నేళ్లూ! పాముని చూసిన రోజే. దేవత దగ్గర బుట్ట దించి, అందరూ గుంటని తిట్టి ఇళ్లకి పోయాక, గెడ్డలో కాళ్లు కడుక్కుంటూ పిలిచాడు. చింతబరికె వాతలు తడిమాడు. నీళ్లు చల్లాడు. "ఆల మాట ఇనకు. నువ్వు అరవబట్టే నానున్నాను. ఆ కేక నీదనుకుంతన్నావేటే గుంటా? లోపలోడు అరిసేడు నీ గొంతులోంచి. ఆడు అరిసినప్పుడు నువ్వు నోరు మూసుకోకు" అన్నాడు. అన్నాడు. నిజంగా అన్నాడు. ఎండిపోయిన సామచేను గుర్తుంది గాని, బతికిన అయ్య గుర్తు లేడు. ఆ తరవాత ఎన్ని ఏళ్లు బతికాడు! తన పెళ్లి చేశాడు. జగదీష్‌ని భుజాన వేసుకుని తిప్పాడు. తన నోరు ఊరిని తిన్న సంగతే పట్టుకుని వేలాడింది గాని, మనిషిని నిలబెట్టిన సంగతి ఎన్నడూ తలుచుకోలేదు. ఓ స్వామీ, ఆ రోజు లోపలున్నది నువ్వేనా? మోదుగాకు రోజుల్లో కూడా నువ్వేనా? అయితే నాకేం భయం. నీ మీదే వేస్తున్నాను. విత్తనం నీది, గొంతు నీది.

"జగదీసూ!"

ఆ కేకకి ఈతాకు ఎక్కడ పడిందో. కాఫీ తోటలో పిట్టలు లేచిపోయాయి. పైన పాట ఆగింది. "జగదీసూ! సరళకి నొప్పులురా! ఆ సిలువ ఎవుడికైనా ఇచ్చి దిగు! బేగి దిగు!" గొంతు కొండకి తగిలి తిరిగొచ్చింది. పొద్దున్నుంచీ మింగినవన్నీ ఒక్కసారే బయటికి వస్తే ఎలా ఉంటుందో అలా వచ్చింది. సరళ "అత్తా, ఎంత పని సేసేవత్తా" అని గొల్లుమంది. అచ్చియమ్మ దాన్ని గుండెకి అదుముకుని, "ఊరుకో నా తల్లి, ఊరుకో. ఆయనకి తెలుసు. ఆయనకి నాకన్నా బాగా తెలుసు" అని వీపు నిమిరింది. పైమలుపులోంచి దుమ్ము రేపుకుంటూ కుర్రాళ్లు దిగుతున్నారు, వాళ్ల వెనక మైకు పట్టుకునే విశ్వాసం, అందరికన్నా ముందు జగదీష్. వాడి మొహం చూడలేకపోయింది. ఇందాక నవ్వుకుంటూ దాటిపోయిన ఆడవాళ్లు కూడా వెనక్కి పరిగెత్తుకొచ్చారు.

అచ్చియమ్మ కేక కింద ఊరికి కూడా వినబడింది. జగదీష్, ఇంకో కుర్రాడూ చేతుల మీద సరళని దింపుతుంటే, కింది నుంచి సోములమ్మ, ఆమె వెనకాల పండగ ఆడవాళ్లు ఎదురొచ్చారు. భుజాన అదే వెదురుబొంగు. దారికి అడ్డం పెట్టిన బొంగే. చేతిలో దుప్పటి. దుప్పటి రెండు కొసలూ బొంగుకి ముడేసి, సరళని అందులో పడుకోబెట్టి, జగదీష్ ముందు, సోములమ్మ కూతురు వెనక, భుజం పెట్టారు. డోలీ కదిలింది. అచ్చియమ్మ పక్కనే పరిగెత్తుతోంది, మాట్లాడుతూనే ఉంది. రాయి ఉంది చూసుకో, ఎడం పక్కకి రా, తల్లీ గట్టిగా ఊపిరి తీసుకో, మరియమ్మా పట్టుకోవమ్మా, ఒరే మెల్లిగా. మరియమ్మ మంగళవార్త జపం సగం చెప్తుంది, మధ్యలో కొడుకుని తిడుతుంది, మళ్లీ జపం అందుకుంటుంది. దేవుడితోనూ రాళ్లతోనూ ఒకే గొంతుతో మాట్లాడుతోంది. సోములమ్మ రొప్పుతూనే, "ఒలమ్మో, పొద్దున్న మూగదన్నాం కదే దీన్ని" అంది. గెడ్డ పొంగిన రోజు డోలీ ఇలాగే ఊగింది. ఆ రోజు అచ్చియమ్మ ఒక్క మాట లేకుండా భయంతో నడిచింది. ఇవాళ భయం లేకపోలేదు. భయంతోనే మాట్లాడుతోంది.

జీపు కోసం ఒకడు రోడ్డు మీదకి పరిగెత్తాడు గాని బిడ్డ జీపు కోసం ఆగలేదు. సోములమ్మ ఇంటి వసారాలో, పండగకి కొత్తగా అలికిన నేల మీద, చాప పరిచారు. ఆడవాళ్లు చుట్టూ చీరలు అడ్డం పట్టారు. అచ్చియమ్మ సరళ తల ఒళ్లో పెట్టుకుంది. ఆ తరవాత ఎంతసేపయిందో ఆమెకి తెలీదు. సోములమ్మ "ఆడగుంట" అంది. అని ఊరుకుంది.

చప్పుడు లేదు. చీరల బయట జగదీష్ పచార్లు ఆగిపోయాయి. సరళ కళ్లు మూసేసుకుంది, చెవులు కూడా మూసుకుందామని చేతులు ఎత్తబోతోంది. అచ్చియమ్మ ఒక్క ఉదుటున బిడ్డని అందుకుంది. చిన్నది, ఎర్రది, జారిపోతోంది, పెదాలు గట్టిగా మూసి ఉన్నాయి. ఈసారి చెవి పెట్టలేదు. నోటిలో జిగురు వేలితో తీసి, బోర్లా తిప్పి, వీపు రుద్దుతూ, గట్టిగా దెబ్బలాడ్డం మొదలెట్టింది.

"ఒలే, ఏటే నువ్వు నోరు మూసుకున్నావు? మొక్కు నాదే! నీది కాదు! నాదీ తీరిపోయింది, తీరకపోతే ఆయనే సూసుకుంతాడు, నీకేటి దాంతో? ఇప్పు నోరు! నీ నాయనమ్మ ఎవుత్తో తెల్సా నీకు? మా వంసంలో నోరు లేనోల్లు లేరే! ఇప్పవే నా తల్లి, ఇప్పవే..."

అరచేతి కింద వీపు ఒక్కసారి బిగిసింది. ముందు ఏదో తుమ్ములాంటిది. తరవాత గొంతులో గురగురలాడింది. తరవాత ఏడిచింది. ముందు సన్నగా, ఆగి ఆగి, తరవాత వసారా పట్టనంతగా. సోములమ్మ గోడకి చేరగిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. సరళ కళ్లు తెరిచి, ఎవరింట్లో పిల్లో ఏడుస్తోందన్నట్టు చుట్టూ చూసి, తన బిడ్డేనని అర్థమయ్యి, రెండు చేతులూ చాపింది. ఈసారి నీళ్లకి లేచి వెళ్లాల్సిన పని లేదు.

చీరల అవతలి నుంచి జగదీష్ గొంతు వినబడింది. "అమ్మా, మొక్కు సగంలో ఇడిసేసేవు కదా. ఏటైనా అవుద్దేటి? మల్లీ ఎక్కాలేటి?"

"ఎక్కుతానురా. వచ్చే ఏడు దీన్ని ఎత్తుకుని ఎక్కుతాను" అంది అచ్చియమ్మ. "కింద నుంచి సిలువ దాకా దారి పొడుగునా మాటాడతా ఎక్కుతాను. ఆయనకి నా నోరు అక్కర్లేదంట, ఆ సంగతి..."

ఇంకా చాలా చెప్పాలి. అయ్య గెడ్డలో అన్న మాట చెప్పాలి, ఈతాకు పోయిన సంగతి చెప్పాలి, బుధుకి పెట్టే గడ్డి వరసంతా అలాగే ఉంది. కానీ తల్లి రొమ్ము మీద బిడ్డ మళ్లీ అందుకుంది, ఇందాకటి కన్నా గట్టిగా. ఆ ఏడుపు వినడానికి అచ్చియమ్మ తనంతట తనే నోరు మూసుకుంది.